పార్కులో ఖాళీ జాగా ఎవరికి అడ్డమొచ్చిందబ్బా

మా కాలనీ పార్కులో ఇప్పుడు ఏమేం ఉండాయో ముందు చెప్తాను. గేటు పక్కన ఓవర్‌హెడ్ ట్యాంకు, దాని కింద మోటారు రూము, దాన్ని ఆనుకుని క్యాన్లు పట్టుకునే ఆర్వో ప్లాంటు, పడమటి పక్క వార్డు సచివాలయం, ఈశాన్యంలో గుడి (గుడిని ఈశాన్యంలో కాక ఇంకెక్కడ కడతారులే), చుట్టూతా వాకింగ్ ట్రాకు, ట్రాకు లోపల పసుపు నీలం రంగుల ఓపెన్ జిమ్ము. ఇవన్నీ పోను మధ్యలో ఒక వంకర ముక్క మిగిలింది. పిలకాయలు ఆడేది ఆ ముక్కలోనే. బౌలింగ్ వేసేవాడి పరుగు గుడి ప్రహరీ వెనకాల మొదలవుద్ది, బ్యాట్ పట్టుకున్నోడికి వాడు ఆఖరి నాలుగడుగులే కనపడతాడు, అయినా ఆడతానే ఉండారు.

ఇప్పుడు ఆ ముక్కలో కూడా కమ్యూనిటీ హాలు కట్టాలని ప్రపోజలొచ్చింది. ఊరు పేరు చెప్పను, నెల్లూరు జిల్లాలో ఒక టౌను అనుకోండి, చెప్తే మా వార్డు వాళ్ళు ఇది ఎవరు రాశారో ఇట్టే పట్టేస్తారు.

పార్కు స్థలం పోయింది అంటే అందరూ అడిగేది ఎవరు కబ్జా చేశారు అనే. మా పార్కుని ఎవడూ కబ్జా చెయ్యలేదు. రాత్రికి రాత్రి రాళ్ళు పాతినోడు లేడు, దొంగ కాయితాలు పుట్టించినోడు లేడు. అన్నీ మంచి పనులే, అందరూ సరే అన్నవే, శిలాఫలకాలు పెట్టి కొబ్బరికాయలు కొట్టినవే. కబ్జా అయితే కోర్టుకన్నా పోవచ్చు, మంచి పని మీద ఎవడు పోతాడు?

ట్యాంకు మొదట వచ్చింది. వద్దని ఎట్టంటాం, అప్పట్లో రెండ్రోజులకోసారి నీళ్ళు, అదీ తెల్లారుజామున, ట్యాంకరొస్తే బిందెలతో కొట్లాట. తర్వాత ఒక పెద్దాయన వాళ్ళ అమ్మానాన్నల పేరు మీద ఆర్వో ప్లాంటు పెట్టిస్తానన్నాడు, జాగా యాడుంది అంటే అందరూ పార్కు వైపే చూపించారు. 2019లో రాష్ట్రమంతా సచివాలయాలు వచ్చినప్పుడు మా వార్డుది కొన్నాళ్ళు బాడుగ ఇంట్లో నడిచింది, ఆ తర్వాత సొంత బిల్డింగు అన్నారు, మళ్ళా పార్కే. ఇక గుడైతే కాలనీ వాళ్ళమే చందాలేసుకుని కట్టుకున్నాం. ప్రతిసారీ ఒకటే మాట, ఈ మూల ఖాళీగానే కదా ఉండేది, వాడుకుంటే తప్పేంది అని.

ఖాళీగా ఉండడమే దాని వాడకం అనేది ఎవరికీ తట్టలేదు.

అసలు ఆ ఖాళీ ఎట్టా వచ్చిందో చూడండి. లేఅవుట్ వేసేటప్పుడు మొత్తం స్థలంలో 10 శాతం ఓపెన్ స్పేస్ కింద వదలాలనేది రూలు. దాన్నీ రోడ్లనీ కలిపి మున్సిపాలిటీకో పంచాయతీకో ఉచితంగా గిఫ్ట్ డీడ్ రాసిస్తేనే ఫైనల్ అప్రూవల్. ఉచితం అంటే రియల్టరు జేబులోంచి ఇచ్చాడనుకునేరు, ఆ స్థలం ఖరీదు కూడా అంకణం (మా పక్క ప్లాట్లు కొలిచే లెక్క) రేటులో కలిపే మన దగ్గర లాగేసి ఉంటాడు. అంటే మా పార్కు మేము డబ్బులు పెట్టి కొన్నదే, కాకపోతే ఎవరి ప్లాటు కాయితంలోనూ అది రాసి ఉండదు. అప్రూవల్ లేని లేఅవుట్లలో ఇంకా అన్యాయం, అక్కడ ఖాళీ జాగానే వదల్లేదు, ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లని క్రమబద్ధం చేసే పథకం) పెట్టినప్పుడు ఓపెన్ స్పేస్‌కి బదులు డబ్బులు కట్టించుకుని రెగ్యులరైజ్ చేశారు. డబ్బు ఖజానాకి పోయింది సరే, పిలకాయలు ఖజానాలో ఆడుకోలేరు గదా.

ఇదంతా మా ఒక్క కాలనీ కథేమీ కాదు. బెంగళూరులో రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని ప్లానులో వదిలిన స్థలాన్ని ముఖ్యమంత్రి చెప్పారని ఒక ట్రస్టుకి ఆస్పత్రి కట్టుకోమని ఇచ్చేశారు. అక్కడుండే జనం కోర్టుకు పోయారు. మొదట హైకోర్టులో సింగిల్ జడ్జి దగ్గర ఓడిపోయారు, తర్వాత అక్కడే పెద్ద బెంచి దగ్గర గెలిచారు, ఆఖరికి 1991లో సుప్రీంకోర్టు కూడా వాళ్ళ వైపే చెప్పింది. నాకు ఈ కేసులో నచ్చింది ఏందంటే అవతల పక్క ఉన్నది సారా కొట్టో షాపింగ్ కాంప్లెక్సో కాదు, ఆస్పత్రి. ఆస్పత్రి కావాలి, ఎవరు కాదంటారు, కానీ పార్కు స్థలంలో మాత్రం కాదు అన్నారు. గుళ్ళ సంగతి కూడా అంతే, పార్కుల్లో రోడ్ల మీద పర్మిషన్ లేకుండా కొత్తగా గుడి గానీ మసీదు గానీ చర్చి గానీ కట్టకూడదని 2009 సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు ఆర్డరేసింది. మా గుడి కట్టింది దాని తర్వాతే. ఈ మాట పైకి అంటే పండక్కి ప్రసాదం కూడా ఇవ్వరేమో మా ఇంటికి.

మన రాష్ట్రంలో ఇంకోటి జరిగింది, చాలామందికి గుర్తుండే ఉంటది. స్కూళ్ళ ఆవరణల్లో సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టొద్దని హైకోర్టు చెప్పినా కట్టుకుంటా పోతే 2022 మార్చిలో 8 మంది ఐఏఎస్‌లకి కోర్టు ధిక్కారం కింద రెండు వారాల జైలు వేసింది. వాళ్ళు క్షమాపణ చెప్పుకుంటే జైలు తీసేసి, నెలకోసారి సంక్షేమ హాస్టళ్ళకి పోయి సేవ చెయ్యమంది. స్కూలు గ్రౌండుకి కోర్టు అడ్డం నిలబడింది. కాలనీ పార్కుకి ఎవరు నిలబడతారు, ఆ 10 శాతం కాయితం ఎక్కడుందో కూడా సగం మందికి తెలవదు.

నా లెక్కలో అసలు జబ్బు వేరే ఉంది. ఖాళీ మట్టికి బిల్లు పెట్టలేరు. ట్రాకుకి టైల్స్ ఎన్ని చదరపు మీటర్లో కొలిచి ఎం బుక్కులో (బిల్లు కోసం పని కొలతలు రాసే పుస్తకం) ఎక్కించొచ్చు, ఓపెన్ జిమ్ముకి ఒక్కో మిషన్ రేటు ఉంటది, ప్రహరీకి ఉంటది, ఆర్చీకి ఉంటది, ఆర్చీ మీద పేర్లకి కూడా ఉంటది. చదునుగా ఉన్న నేలకి ఏమని ఎస్టిమేట్ వేస్తారు, ఏ కాంట్రాక్టరు వస్తాడు, ఎవరొచ్చి రిబ్బన్ కత్తిరిస్తారు? పిలకాయలకి కావాల్సింది ఆ చదును నేలే. 2015లో టౌన్ల సౌకర్యాలకని కేంద్రం అమృత్ పథకం వచ్చినప్పుడు (నెల్లూరు ఒంగోలు రెండూ అందులో ఉన్నాయి) పార్కులకని రెండున్నర శాతం దాకా నిధులు విడిగా పెట్టారు, పిల్లలకి పనికొచ్చేట్టు పార్కులు చెయ్యమని కూడా అందులోనే ఉంది. మంచిదే. కానీ నేను చూసినంతలో అభివృద్ధి అంటే ఎప్పుడూ ఏదో ఒకటి కట్టడమే అవుతా ఉంది, ఉన్నదాన్ని బాగుచెయ్యడం అవడం లేదు.

మా ఊయలలు చూడండి. రెండుండాయి. ఒకదానికి గొలుసులుండాయి గానీ చెక్క లేదు. రెండోదానికి అన్నీ ఉండాయి, కాకపోతే పైన కడ్డీకి తగిలించే కొక్కెం అరిగి అరిగి దారంలా సన్నబడింది, ట్యాంకు దగ్గరుండే ఆపరేటరన్న పాపం ఇనప తీగ నాలుగు చుట్లు చుట్టి పెట్టాడు, ఆ తీగ మొన లోపలికి వంచలేదు కాబట్టి గొలుసు పైదాకా పట్టుకుని నిలబడి ఊగే పిలకాయలకి చెయ్యి గీసుకుంటా ఉంది. జారుడుబల్ల కింద అంచు పగిలిపోయి నిక్కర్లు చిరగతా ఉండాయి. కొక్కెం మార్చమని అడిగితే రిపేరుకి ఇప్పుడు నిధుల్లేవు, కొత్త సెట్టు కావాలంటే ప్రపోజల్ పంపిద్దాం అన్నారు. ఇనప సామాన్ల కొట్లో దొరికే కొక్కెం అది, కొనిచ్చేస్తానంటే సర్కారు ఆస్తి మీద మీరు చెయ్యి వెయ్యకూడదు అన్నారు. తీగ చుట్టడం మాత్రం చెయ్యి వెయ్యడం కాదేమో.

ఇక టైములు. పొద్దున 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 8. ఎవరు పెట్టారంటే వాకింగుకొచ్చే పెద్దమనుషులు, వాళ్ళకో అసోసియేషన్ ఉంది, దానికో లెటర్‌హెడ్ ఉంది. వాళ్ళ మీద నాకు కోపం లేదు, షుగరు బీపీ ఉన్నోళ్ళు ఎక్కడ నడుస్తారు పాపం, రోడ్డు మీద నడిస్తే కుక్కలు లారీలు. కానీ మన ఎండలు ఎట్టుంటాయో తెలుసు గదా, సెలవులిచ్చేది ఏప్రిల్ ఆఖర్లో, రోహిణి కార్తెలో సాయంత్రం 5 అయినా నేల కాలతానే ఉంటది, పిలకాయలు బయటికొచ్చేది ఆరింటికి, ఎనిమిదికల్లా ఈల వేసి బయటికి తోలేస్తారు. బెంగళూరులో 2024లో పార్కులన్నీ పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి పెట్టమన్నారు, అక్కడి చల్లదనానికే అంతసేపు కావాల్సొస్తే మన వడగాడ్పులకి ఎంత కావాలి?

బోర్డు ఒకటి ఉంది చూడాల్సిందే. "పార్కు నందు క్రికెట్ మరియు బంతి ఆటలు ఆడరాదు. ఉల్లంఘించిన వారిపై చర్యలు తీసుకొనబడును." ఎవరిదో కారు అద్దం పగిలింది, ఆ వారంలోనే బోర్డు వచ్చింది. కొక్కేనికి లేని డబ్బులు బోర్డుకి యాడ నుంచి వచ్చాయో మరి.

అయితే ఒకటి, క్రికెట్ ఆడనిస్తే అంతా బాగుపడుద్దని నేను అనను. ఖాళీ జాగా మొత్తం మగపిలకాయలే ఆక్రమించేసిన రోజులు కూడా నేను చూశాను, ఆడపిల్లలు గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టడమే, ఎనిమిదో క్లాసు దాటాక అది కూడా లేదు. ఓపెన్ జిమ్ము పెట్టి లైట్లు వేశాక మా వీధి ఆడోళ్ళు రాత్రి ఏడింటికి ధైర్యంగా వస్తా ఉండారు, పక్కింటి అక్క రోజూ ఆ తొక్కే మిషన్ మీద నిలబడి సీరియల్ కథ మొత్తం చెప్తా ఉంటది. లైట్లు రావడం మంచి పని, నిజంగా మంచి పని. లైట్లు పెట్టడానికి జాగా ఏమీ పోలేదు అనేది కూడా గమనించండి.

కమ్యూనిటీ హాలు మీటింగులో నేను ఇదే అడిగాను, పిలకాయలు యాడికి పోవాలి అని. ఎదురింటి మామ "స్టేడియం లేదా అమ్మా టౌన్లో, ఆడికి పంపించు" అన్నాడు. స్టేడియానికి ఆటో ఎక్కి పోవాలి. నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది, వీఆర్సీ గ్రౌండ్ ఉంది, పెద్దవే, వాటి విలువ వాటిది, కానీ ఏడేళ్ళ పిల్ల హోంవర్క్ అయిపోయాక అరగంట ఆడుకోడానికి స్టేడియానికి పోదు మామా, అమ్మ కేకేస్తే వినపడేంత దూరంలో ఉండాలి అన్నాను. "అయితే సీమంతాలకి, బారసాలలకి ఫంక్షన్ హాలు బాడుగ నువ్వు కడతావా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, బాడుగలు అట్టా ఉండాయి మరి. కానీ సీమంతం ఇంట్లో ఎప్పుడో ఒకసారి, ఆట ప్రతి సాయంత్రం. ఇది చెప్పేలోపు టీలు వచ్చేశాయి, మీటింగు అయిపోయింది.

రాజ్యాంగం 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీలకి అప్పగించదగ్గ పనులు 18 ఉంటాయి, అందులో 12వది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. 1993 నుంచి ఉంది ఇది. మూడూ ఒకే వరసలో ఉండేసరికి ఆఫీసులో ఒకే ఫైల్లో పడేస్తారు, పార్కు ఉంది కాబట్టి ఆటస్థలం ఉన్నట్టే అని టిక్కు పెట్టేస్తారు. లాన్ మీద కాలు పెట్టొద్దు అనే పార్కు ఆటస్థలం ఎట్టా అవుద్ది?

సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాను. మూడే అడిగాను. మిగిలిన ముక్కలో ఏమీ కట్టొద్దు, గుడి వైపు కార్ల వైపు వల కట్టండి, ఎండాకాలం రాత్రి 10 దాకా గేటు తీసి పెట్టండి. కంప్యూటర్ దగ్గరున్న పిల్ల బాగానే మాట్లాడింది, అంతా టైపు చేసి, "ఏమీ కట్టొద్దు అనేది ఏ కేటగిరీలో వెయ్యమంటారు మేడమ్, ఇందులో అట్టాంటిది లేదు" అంది. చివరికి పార్కు అభివృద్ధి అని వేసింది.

హాలు సంగతి ఇంకా కౌన్సిల్ ముందుకు పోలేదు, ఈలోపు సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అప్రూవ్డ్ లేఅవుట్ ప్లానూ గిఫ్ట్ డీడూ కాపీలు అడిగాను, 30 రోజుల్లో ఇవ్వాలి. మీ కాలనీలో కూడా ఎవరైనా పాతోళ్ళ దగ్గర లేఅవుట్ బ్రోచర్ ఉంటే పారెయ్యకండి, పార్కుకి ఎంత వదిలారో అందులో పచ్చ రంగేసి మరీ చూపించి ఉంటారు. మాది అటక మీద దొరికింది, చెదలు పట్టింది గానీ కొలతలు కనపడతా ఉండాయి.