ల్యాప్‌టాప్ ఓవర్‌క్లాక్: నాలుగో చిప్పు నా మీద పగబట్టింది

ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుని ఓవర్‌క్లాక్ చేశాను, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ పరిగెత్తిస్తున్నాను. మళ్ళీ చుక్కలొచ్చాయి. మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలుపెడితే 22వ నిమిషంలో తెర ఎడమవైపు ఆకుపచ్చ చుక్కలు చల్లినట్టు కనిపించాయి. అర నిమిషంలో అవి గళ్ళుగళ్ళుగా మారి గేమ్ మూసుకుపోయింది. పోయిన ఆదివారం నుంచి ఇది ఏడోసారి.

లెక్కలు చేసే అసలు చిప్పు, అంటే కోర్ సంగతి తేలిపోయింది. మామూలు వేగానికి +140 మెగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉంది, +180 పెడితే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 4101 (డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి మళ్ళీ లేచిందన్న నమోదు) పడుతోంది, అంతే.

గొడవంతా మెమరీతో. నా గ్రాఫిక్స్ చిప్పు జీటీఎక్స్ 1650, దాని మెమరీ 4 జీబీ జీడీడీఆర్6 రకం. వేగం మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా 6001 మెగాహెర్ట్జ్ చూపిస్తుంది, దానికి +400 పెట్టాను. పొద్దున ఆరింటికి గది 30 డిగ్రీలున్నప్పుడు అదే సెట్టింగ్ మీద రెండు గంటలు ఆడినా ఒక్క చుక్క రాలేదు. మధ్యాహ్నం గది 38. రోహిణి కార్తె, విజయవాడ సత్యనారాయణపురంలో పై అంతస్తు, ఇక చెప్పేదేముంది. విచిత్రమేమిటంటే రెండు పూటలా కోర్ 81 డిగ్రీలే! ఫ్యాన్లు గోల పెట్టి మరీ దాన్ని అక్కడే పట్టుకుంటున్నాయి.

మొదట చార్జర్‌ని అనుమానించాను. పెట్టి ఉంచినా గంట ఆటలో బ్యాటరీ 100 నుంచి 94కి దిగుతోంది. కానీ మెమరీని +0కి తెచ్చినా అంతే దిగింది, చుక్కలు మాత్రం రాలేదు. డ్రైవర్ పాతది వేశాను, కొత్తది వేశాను, తేడా లేదు. కూలింగ్ ప్యాడ్ పెడితే కోర్ 3 డిగ్రీలు తగ్గింది, చుక్కలు 31వ నిమిషానికి జరిగాయి. అంటే వేడే కారణం, కాకపోతే కోర్ వేడి కాదు.

గవర్నర్‌పేటలో రిపేర్లు చేసే కుర్రాడు, నా ఈడువాడే, ఒక్క ముక్కలో తేల్చేశాడు: "కోర్ చూసుకుంటే ఏం లాభం బాబాయ్, మెమరీకి థర్మామీటర్ ఉందా?" లేదు. సెన్సర్ల లెక్కలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో నా మెమరీ ఉష్ణోగ్రత గడే రాదు. కరెంటు అందించే వీఆర్ఎం పరిస్థితీ అంతే. అవి కాలిపోతున్నా చెప్పే నాథుడు లేడు.

ఇంటికొచ్చి విప్పాను. మొన్న చలికాలం కోర్ మీది థర్మల్ పేస్ట్ మార్చినప్పుడు, మెమరీ చిప్పుల వేడిని హీట్‌సింక్‌కి (వేడిని లాగేసే లోహపు పలకకి) చేర్చే థర్మల్ ప్యాడ్లు నేనే 0.5 ఎంఎం మందంవి అంటించాను. నాలుగు మెమరీ చిప్పుల్లో మూడింటి ప్యాడ్ల మీద హీట్‌సింక్ నొక్కిన అచ్చు పడి ఉంది. నాలుగోది, వీఆర్ఎం పక్కనున్నది, అప్పుడే కవర్లోంచి తీసినంత నునుపుగా ఉంది. హీట్‌సింక్ దాన్ని అసలు తాకనే లేదు! చలికాలం నా తప్పుని కప్పిపెట్టింది, ఎండాకాలం బయటపెట్టింది.

నాలుగింటికీ 1 ఎంఎం వేస్తే చుక్కలు పోయాయి, కోర్ 89కి ఎక్కి క్లాక్ పడిపోయింది. మందం ఎక్కువై హీట్‌సింక్ కోర్ మీంచి లేచినట్టుంది. నాలుగోదానికి మాత్రమే 1 ఎంఎం వేస్తే కోర్ 85, చుక్కలు 40వ నిమిషంలో. ఈసారి ఏ చిప్పుదో తెలియదు, ఒక పక్కకి ఒరిగిందని నా ఊహ.

ఇంతకీ లాభమెంత? మెమరీ +300కి సెకనుకి సగటు 61 ఫ్రేములు, +400కి 63, +500కి 60. పైకి పోయేకొద్దీ తప్పు పోయిన డేటాని మళ్ళీ పంపుకోవడంతోనే సరిపోతోందని నా అంచనా. "రెండు ఫ్రేములంటే కంటికి కనపడతాయంటరా?" అని అమ్మ అడిగింది. కనపడవమ్మా అన్నాను. ఆ రెండింటి కోసం 11 స్క్రూలు తొమ్మిదిసార్లు విప్పాను, ఒకదాని మర అరిగిపోయింది కూడా.

2015లో ఎన్విడియా 900ఎం ల్యాప్‌టాప్ చిప్పులకు డ్రైవర్లో ఓవర్‌క్లాక్ ఆపేసి, జనం గోల చేస్తే మళ్ళీ ఇచ్చింది. అప్పుడు తిట్టినవాళ్లలో నేనూ ఉన్నా. 2008లో అదే కంపెనీ చిప్పు ప్యాకేజింగ్ లోపాలకు 19.6 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, చిప్పుని అతికించే సోల్డర్ బొడిపెలు చిట్లిపోయేవి. రోజుకి నాలుగుసార్లు 40 నుంచి 89కి తీసుకెళ్తున్న నాకు ఇవాళ అది గుర్తుకొచ్చి కొంచెం టెన్షన్ పట్టుకుంది.

ప్రస్తుతానికి కోర్‌ని 0.8 వోల్టులకి 1700 మెగాహెర్ట్జ్ దాటకుండా వోల్టేజ్-వేగం కర్వ్ బిగించి, మెమరీ +0 పెడితే మధ్యాహ్నం కూడా 74 దాటట్లేదు. బాగుంది.

ప్యాడ్లతో విసిగిపోయి థర్మల్ పుట్టీ ఆర్డర్ పెట్టాను. సందు ఎంతుంటే అంత నిండుతుంది, మందం లెక్కలుండవు. గురువారం వస్తుంది. కోర్ మీద పేస్ట్ బదులు ఈసారి పీటీఎం7950 షీట్ (వేడికి మెత్తబడి పరుచుకునే పల్చని పొర) వేస్తాను, ల్యాప్‌టాప్‌కి అంతకంటే మంచిది లేదని నా గట్టి అభిప్రాయం. లిక్విడ్ మెటల్ (కరెంటు పారే ద్రవ లోహం) వేయమన్నవాళ్లకి ఒక దండం, పక్కన కెపాసిటర్ల మీదికి జారితే బోర్డుకి తద్దినమే.

ఇంకోటి, ఇది రాస్తుంటేనే గమనించాను. బల్ల మీద ల్యాప్‌టాప్ ఒక మూల ఊగుతోంది. కింది రబ్బరు పాదం ఊడిందేమో అనుకున్నా, నాలుగూ ఉన్నాయి. టచ్‌ప్యాడ్ కూడా నొక్కితే సరిగ్గా దిగట్లేదు. పుట్టీ వచ్చేదాకా ఆగేది లేదు, రాత్రికే విప్పి బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి.