వెయ్యి 232 అయిన రోజు

మన బడి పాత విద్యార్థుల కలయికకి వేస్తున్న సంచిక కమిటీ నుంచి ఇది నాలుగో ఫోను. "రెండు పేజీలు చాలు, ఏదో ఒకటి రాయి, ఆదివారంలోగా పంపు" అన్నాడు లీడరు. వాడి గొంతులో ఆ అధికారం అలాగే ఉంది, వినగానే ప్రాణం లేచొచ్చింది. నాటకం గురించీ, మెట్ల దగ్గర గొడవ గురించీ ఎవరో ఒకరు రాస్తారు. నాకు కళ్లు మూసుకుంటే మేడమీది చివరి గదే కనిపిస్తుంది. అందుకని మాస్టారి గురించి రాస్తున్నాను. ఏ మాస్టారో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు, బీబీసీ మైక్రో. స్విచ్ వేయగానే రెండు స్వరాల్లో కూసేది, గుర్తుందా? మోగీ మోగకముందే మూల బెంచీ వాళ్లు అదే కూత కూసేవాళ్లు. తెర మీద "బీబీసీ కంప్యూటర్ 32కె", కింద ప్రోగ్రాములు రాసే భాష పేరు "బేసిక్", దాని కింద బాణం మొనలాంటి గుర్తు. అంతే. ఐకాన్లు లేవు, మెనూలు లేవు. ఏం చేయాలో మనమే చెప్పాలి. ఉన్న 32 కిలోబైట్ల మెమరీలో మోడ్ 2 అనే రంగుల తెరకే 20 పోయేవి. మిగిలిన దాంట్లో ఇమిడేలా రాయాలని మాస్టారు ఒక్కో ఖాళీని కూడా తీయించేవారు.

ఆ ఏడాది మనందరి ప్రాజెక్టు చంద్రుడి మీద దిగే ఆట. ఎత్తు, వేగం, మిగిలిన ఇంధనం అన్నీ అంకెల్లోనే. వంతులవారీగా రాశాం, ఒక్కో లైనుకీ ముందు ఒక నంబరు వేసి. మొదటి లైను వెయ్యిది. తను ఏ ప్రోగ్రాం అయినా 1000 నుంచే మొదలుపెట్టేది, అందుకే ఆ పేరు పడిపోయింది. మనమంతా 10, 20, 30 అని రాస్తుంటే తనది మాత్రం 1000, 1010, 1020. "ముందు ఏమైనా చేర్చాలంటే చోటుండాలి కదా" అనేది.

దాదాపు రెండు వందల లైన్లయ్యాయి. ఆ మధ్యాహ్నం బ్రేకుగాడు ఎఫ్9 నొక్కబోయి పక్క మీట నొక్కాడు. అది బ్రేక్. వాడి పేరు అప్పటిదే. తెర ఒక్కసారిగా ఖాళీ అయింది. ప్రోగ్రాం చూపించమని లిస్ట్ అని కొడితే ఏమీ రాలేదు. ప్రోగ్రాం దాచుకునే టేప్ రికార్డరు టేపుగాడు ఆరోజు తేలేదు, కాబట్టి సేవ్ చేసిందీ లేదు. గదిలో చప్పుడు లేదు. వెయ్యి ఏడవలేదు, కానీ మొదటి లైను మళ్లీ కొట్టడానికి చెయ్యి చాచింది. మాస్టారు తన మణికట్టు పట్టుకుని ఆపారు. "ఒక్క అక్షరం కొట్టకమ్మా" అన్నారు.

తర్వాత ఆయనే ముందుకు వంగి, చూపుడువేలు ఒక్కదానితో, ఓ, ఎల్, డి అని మూడు అక్షరాలు కొట్టి రిటర్న్ నొక్కారు. లిస్ట్ కొట్టారు. లైన్లన్నీ కింది నుంచి పైకి జలజలా పాకుతూ వచ్చేశాయి. ఆ అరుపులకి పక్క క్లాసు టీచరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

టేపుగాడు ఇంటికి పరుగెత్తి రికార్డరు తెచ్చాడు. సేవ్ చేశాం. అప్పుడు చూసింది వెయ్యి: మొదటి లైను నంబరు 1000 కాదు, 232! రెండోది మామూలుగా 1010. ఆట నడిచింది కానీ, మళ్లీ ఆడదామని వై కొడితే 1000వ లైనుకి వెళ్లమనే గోటూ 1000 దగ్గర "నో సచ్ లైన్" అంటూ ఆగిపోయింది. "మాస్టారూ, నా లైను నంబరు ఎవరు మార్చారు?" అంది వెయ్యి. ఆయన చాలాసేపు తెర వైపు చూసి, "నాకు తెలీదమ్మా, రేపు చెప్తాను" అన్నారు. ఒక మాస్టారు నాకు తెలీదు అనడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు బోర్డు మీద ఒక భాగహారం వేశారు. 1000ని 256తో భాగిస్తే భాగఫలం 3, శేషం 232. ఇంకేమీ చెప్పకుండా సుద్దముక్క బల్ల మీద పెట్టేసి కూర్చున్నారు. మనం ఆలోచించాలి! గంట కొట్టే లోపు మన పొడుగుగాడు పట్టేశాడు. లైను నంబరుకి మెమరీలో రెండు బైట్లు: పెద్ద బైటులో 256తో భాగిస్తే వచ్చే భాగఫలం, చిన్నదాంట్లో శేషం. బ్రేక్ నొక్కితే మెషీన్ ప్రోగ్రాంనంతా చెరపదు, మొదటి లైను నంబరులోని పెద్ద బైటు మీద 255 రాసి, ఇక ఇక్కడ ప్రోగ్రాం లేదనుకుంటుంది. ఓల్డ్ అంటే ఆ బైటులో సున్నా పెడుతుంది. అసలు అక్కడేముండేదో దానికి గుర్తుండదు కదా. 10, 20 అని మొదలుపెట్టేవాళ్లకి అక్కడ ఎలాగూ సున్నానే, అందుకే మనలో ఎవరికీ ఇది తెలీలేదు. వెయ్యికి మాత్రం అక్కడ 3 ఉండేది.

మాస్టారు టేపు నుంచి ప్రోగ్రాం లోడ్ చేయించి, వెయ్యినే పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రశ్న గుర్తు, బ్రాకెట్లో పేజ్ ప్లస్ 1, ఈక్వల్ టు 3, అంటే ఆ పెద్ద బైటులో మళ్లీ 3 పెట్టమని. రిటర్న్. లిస్ట్. మొదటి లైను 1000! ఆ పాత కుర్చీ కిర్రుమన్న శబ్దం కూడా నాకు గుర్తుంది.

పొడుగు వాళ్లింట్లో స్పెక్ట్రమ్ అనే ఇంకో చిన్న కంప్యూటరు ఉండేది. రబ్బరు మీటలు, జె నొక్కితే లోడ్ అనే మాట మొత్తం వచ్చేయడం, టేపు తిరుగుతున్నంతసేపూ తెర అంచుల్లో నీలం పసుపు చారలు. ఆ ఐదు నిమిషాలు గట్టిగా నడిస్తే లోడ్ చెడుతుందని మనమంతా మంచం మీద బిగుసుకుని కూర్చునేవాళ్లం. అదీ గొప్ప రోజులే. ఆ తర్వాత రెండేళ్లూ ఏం చదివామో, ఏ పరీక్షలు రాశామో నాకు నిజంగా గుర్తు లేదు.

నేనిప్పుడు ఆసుపత్రుల్లో పెట్టే పరికరాలకి ప్రోగ్రాములు రాస్తున్నాను. చిన్న చిప్పులు, కొద్దిపాటి మెమరీ, ఒక్కో బైటూ లెక్కే. చాలావాటిలో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. బీబీసీ మైక్రో మీద పనిచేసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బరే దాన్నీ డిజైన్ చేశారు, మొదటి చిప్పు 1985 ఏప్రిల్ 26న పనిచేసింది. ఆ బేసిక్ రాసింది కూడా విల్సనే. ఓల్డ్ అనే ఆ మూడక్షరాలు ఆవిడవే అని తెలిసిన రోజు మాస్టారికి ఫోన్ చేశాను. నాలుగేళ్ల కిందట మా టీంలో ఒక రీడింగ్ ఎప్పుడూ సరిగ్గా 768 తక్కువ వస్తోందని వారం రోజులు టెన్షన్ పడ్డారు. 768 అనగానే నాకు వెయ్యి గుర్తొచ్చింది. మూడు రెండొందల యాభై ఆరులు. పెద్ద బైటు ఎక్కడో పోతోందన్నాను, అక్కడే దొరికింది. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను.

కిందటేడాది ఒక బీబీసీ మైక్రో సంపాదించాను. స్విచ్ వేసేముందు పవర్ సప్లైలో ఏళ్లనాటి కెపాసిటర్లు మార్చాను, మీటలన్నీ ఒక్కొక్కటే పీకి కడిగాను. అదే కూత! మా అమ్మాయి పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

కలిసే రోజున దాన్ని తెస్తున్నాను. మాస్టారు వస్తానన్నారు. ఒరేయ్ టేపూ, ఈసారి నువ్వు రికార్డరు మర్చిపోకు. మొదటి లైను వెయ్యే కొట్టాలి, నంబరు తనిష్టం. బ్రేకూ, నువ్వు కుడి చేతివైపు కూర్చో, ఆ మీట నీదే.