93వ నంబరు ఆటగాడు

2025 మార్చి నెల మధ్యలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, అబ్బాయిని బడి నుంచి నేరుగా కారెక్కించుకుని శాన్ డియేగో నుంచి ఫీనిక్స్ దారి పట్టాము. నాన్నగారు మా దగ్గరకు వచ్చి అప్పటికి నెల రోజులైంది. చదువుకునే రోజుల్లో ఆయన కళాశాల క్రికెట్ జట్టుకు స్కోరరుగా ఉండేవారు. పదేళ్ల మా అబ్బాయికి బేస్‌బాల్ తప్ప మరో ఆట పట్టదు. తాతా మనవళ్ళిద్దరినీ ఒకే ఆట ముందు పక్కపక్కన కూర్చోబెట్టాలని నాకు ఎంతో కాలంగా కోరిక. యూమాకు ముందు వచ్చే ఇసుక దిబ్బలు, ఆ తరువాత చేతులెత్తి నిలబడినట్టుండే సగ్వారో జెముళ్ళు దాటుకుని, బాగా చీకటి పడ్డాక ఫీనిక్స్ పక్కనే ఉన్న స్కాట్స్‌డేల్ చేరాము.

మేము బయలుదేరింది స్ప్రింగ్ ట్రైనింగ్ ఆటలు చూడడానికి. సీజనుకు ముందు బేస్‌బాల్ జట్లు పెట్టుకునే ఈ సాధన శిబిరాల గురించి ఎరుగని వారి కోసం కొంత చెప్పాలి. ఏటా ఫిబ్రవరి నడిమికల్లా ఈ ఆటలో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగుకు చెందిన 30 జట్లలో సగం ఫ్లోరిడాకు, సగం అరిజోనాకు చేరుకుంటాయి. బంతి విసిరే పిచ్చర్లు, బ్యాటర్ వెనుక కూర్చుని దాన్ని పట్టే క్యాచర్లు ముందుగా వస్తారు, మిగిలినవారు కొద్ది రోజుల తరువాత వచ్చి కలుస్తారు. అరిజోనాకు వచ్చే 15 జట్లూ ఫీనిక్స్ చుట్టుపక్కల ఉన్న పది స్టేడియాలలోనే ఆడుతాయి కాబట్టి, ఒక కుటుంబం రెండు రోజుల్లో రెండు ఆటలు చూడడం ఏమంత కష్టం కాదు. ఇక్కడి గెలుపోటములు సీజన్ లెక్కలోకి రావు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి స్కోరు సమంగా ఉంటే ఆటను అక్కడే ముగించడం కూడా మామూలే. లెక్కలోకి వచ్చేది ఒక్కటే: సీజన్ మొదటి రోజు జట్టులో ఉండే 26 మందిలో చోటు ఎవరికి దక్కుతుందన్నది. ఆ 26 చోట్ల కోసం అంతకు రెట్టింపు మంది ఈ శిబిరానికి వస్తారు.

శనివారం పొద్దున్నే, అసలు ఆటకు చాలా ముందుగా, సాల్ట్ రివర్ ఫీల్డ్స్‌లోని ప్రాక్టీసు మైదానం కంచె పక్కన నిలబడ్డాము. ఈ ప్రయాణం మొత్తంలో నా మనసులో అన్నిటికన్నా గట్టిగా నిలిచినది అక్కడ చూసినదే. మేజర్ లీగుకు కింది స్థాయి అయిన మైనర్ లీగు పిచ్చర్లు పది పన్నెండు మంది వరుసలో ఉన్నారు. ఒక్కొక్కరే మౌండ్ (పిచ్చర్ నిలబడి విసిరే మట్టి దిబ్బ) ఎక్కి బంతి విసిరినట్టు చేయి తిప్పగానే, కోచ్ మరో బంతిని బ్యాటుతో మొదటి బేస్ (బ్యాటర్ కొట్టి పరుగెత్తి ముందుగా చేరాల్సిన చోటు) వైపు నేలబారుగా కొడుతున్నాడు. ఫస్ట్ బేస్‌మన్ దానిని ఆపేలోగా పిచ్చర్ మౌండ్ దిగి పరుగెత్తి, మైదానం పక్క హద్దయిన ఫౌల్ గీతకు కొంచెం ఇవతలగా మళ్ళి, గీత వెంబడే సాగుతూ, అందించిన బంతిని అందుకుని, బ్యాటర్ చేరేలోపు బేస్ లోపలి అంచును కుడికాలితో తాకాలి. అడ్డంగా దూసుకుపోతే పరుగెత్తి వచ్చే బ్యాటర్‌కు గుద్దుకుంటాడు. ఆ ఒక్క కదలికనే వాళ్ళు మళ్ళీ మళ్ళీ చేశారు. కాలు బేస్ మధ్యలో పడిన కుర్రవాడిని కోచ్ ఒక్క మాటా అనకుండా వేలితో వరుస చివరికి పంపించాడు. కంచెకు ఇవతల మాకు వాళ్ళ ఊపిరి కూడా వినిపించింది. నాన్నగారు చేతులు వెనక్కి కట్టుకుని అరగంట సేపు కదలలేదు.

పక్కనే మరొకచోట పిచ్చర్లు క్యాచర్లకు బంతులు విసురుతున్నారు. క్రికెట్‌లో వికెట్ల మధ్య దూరం 66 అడుగులైతే, ఇక్కడ విసిరే చోటికీ కొట్టే చోటికీ మధ్య ఉన్నది 60 అడుగుల 6 అంగుళాలే, పైగా బంతి నేలను తాకదు. ఆ సంగతి పుస్తకంలో చదివినా అర్థమవుతుంది గానీ, క్యాచర్ తోలు గ్లవ్‌లో బంతి పడిన చప్పుడు పది అడుగుల దూరం నుంచి విన్నప్పుడు ఒంటికి తెలిసివస్తుంది.

సాల్ట్ రివర్ ఫీల్డ్స్‌ను 2011లో పీమా, మారికోపా ఆదివాసీ ప్రజల సొంత నేల మీద కట్టారు. మేజర్ లీగు జట్లు ఆదివాసీల భూమి మీద శిబిరం పెట్టుకోవడం దీనితోనే మొదలు. 140 ఎకరాల ఆ ఆవరణను డైమండ్‌బ్యాక్స్, రాకీస్ జట్లు పంచుకుంటాయి. ఔట్‌ఫీల్డ్ గోడ వెనుక గడ్డి గట్టు మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాము. పిల్లలు ఉన్నవారికి అంతకన్నా మంచి చోటు లేదు. అయితే అక్కడ నీడ కొంచెమైనా ఉండదు. మూడో ఇన్నింగ్స్‌కే నాన్నగారి ముఖం కందిపోయింది. మావారు ఆయన మీద గొడుగు పట్టబోతే వెనుకవారికి అడ్డమని ఆయనే వద్దన్నారు. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారు టికెట్లు కొనేముందే నీడ ఎటువైపు పడుతుందో చూసుకోవాలి. నేను చూసుకోకపోవడం తప్పు.

అంత ఎండలోనూ ఆయన కదలకపోవడానికి కారణం మా అబ్బాయి ఒళ్ళో ఉన్న స్కోరు పుస్తకం. "తాతయ్యా, పిచ్చర్ 1, క్యాచర్ 2, షార్ట్‌స్టాప్ 6" అంటూ వాడు మైదానంలోని తొమ్మిది స్థానాల అంకెలూ చెప్పుకొచ్చాడు. రెండు, మూడు బేస్‌ల మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్ బంతిని ఆపి మొదటి బేస్‌కు విసిరి ఔట్ చేస్తే 6-3 అని రాయాలని, బ్యాటర్ మూడో స్ట్రైక్‌కు (మూడు స్ట్రైక్‌లైతే ఔట్) బ్యాట్ ఆడించకుండా నిలబడిపోతే ఇంగ్లీషు కే అక్షరాన్ని తిరగేసి రాయాలని వాడు చెబుతుంటే, రెండో ఇన్నింగ్స్ ముగిసేలోపు పెన్సిలు ఆయన చేతికి మారింది. ఆ వసంతంలో కొన్ని స్టేడియాలలో స్ట్రైక్ జోన్ (బంతి గుండా వెళ్తే స్ట్రైక్‌గా లెక్కించే చోటు) మీద అంపైర్ తీర్పును సవాలు చేసే పద్ధతిని పరీక్షించారు. బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ ఈ ముగ్గురిలో ఒకరు వెంటనే తల మీద తట్టి అడగాలి, డగౌట్ నుంచి సాయం తీసుకోకూడదు. జట్టుకు రెండే అవకాశాలు, గెలిస్తే అవకాశం చేతిలోనే ఉంటుంది. "ఇది మన డీఆర్‌ఎస్ కదరా" అని నాన్నగారు మురిసిపోయారు.

ఆరో ఇన్నింగ్స్ నుంచి పేరున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరే సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. వారి స్థానంలో వచ్చినవారి వీపు మీద 80, 90 దాటిన అంకెలే తప్ప పేర్లు లేవు. చాలామంది ప్రేక్షకులు అప్పుడే లేచిపోతారు గానీ, నా అభిప్రాయంలో స్ప్రింగ్ ట్రైనింగ్ అసలు ఆట అక్కడే మొదలవుతుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 93వ నంబరు కుర్రవాడు కొట్టిన బంతి నేలబారుగా షార్ట్‌స్టాప్ చేతిలోకి పోయింది. ఔట్ తప్పదని అందరికీ తెలుసు, అయినా ఆ అబ్బాయి ప్రాణం పెట్టి పరుగెత్తి, బంతి చేరాక ఒక్క అడుగు తేడాతో బేస్ దాటాడు. నాన్నగారు గడిలో 6-3 అని రాసి, పక్కన చిన్న నక్షత్రం గుర్తు వేశారు.

"తాతయ్యా, అలాంటి గుర్తు లేదు" అన్నాడు మా వాడు.

"నా పుస్తకాల్లో ఉండేది నాన్నా. అంకెలకు ఎక్కని ఆట ఆడినవాడికి వేసేవాణ్ణి" అన్నారు ఆయన.

ఆదివారం స్కాట్స్‌డేల్ స్టేడియంలో జెయింట్స్ ఆట చూశాము. ఈసారి నీడలో కూర్చున్నాము. 1947లో క్లీవ్‌లాండ్ జట్టు టూసాన్‌కు, అప్పటికి న్యూయార్క్‌లో ఉన్న ఈ జెయింట్స్ జట్టు ఫీనిక్స్‌కు రావడంతోనే అరిజోనా శిబిరాలు నిలదొక్కుకున్నాయి. ఆ ఏడాదే అమెరికన్ లీగులో మొదటి నల్లజాతి ఆటగాడిగా క్లీవ్‌లాండ్‌కు ఆడిన లారీ డోబీని, మరుసటి వసంతంలో టూసాన్‌లో జట్టుతో పాటు హోటల్లో ఉండనివ్వలేదు. ఆయన ఊళ్ళో ఒక నల్లజాతి కుటుంబం ఇంట్లో ఉండి, రోజూ మైదానానికి వచ్చి ఆడారు. జట్టులో చోటు సంపాదించుకున్నవాడికి పడుకోవడానికి చోటు ఇవ్వకపోవడమేమిటని మా అబ్బాయి చాలాసేపు అడుగుతూనే ఉన్నాడు. దూరం వెళ్ళాలి కాబట్టి ఏడో ఇన్నింగ్స్ ముగియగానే లేచాము. కారులో ఆ పుస్తకం నాన్నగారి ఒళ్ళోనే ఉంది.

మార్చి 27న అమెరికాలో సీజన్ మొదలైంది. 26 మంది పేర్ల జాబితా ముందు పెట్టుకుని తాతా మనవడూ వేలు పెట్టి రెండుసార్లు చదివారు. వాళ్ళు వెతికిన పేరు అందులో లేదు. ఆ శనివారం ఆట వివరాలు తిరగేసి 93వ నంబరు ఎవరిదో మా అబ్బాయి అప్పటికే తెలుసుకున్నాడు. ఆ కుర్రవాడిని మైనర్ లీగు జట్టుకు పంపారని వారం తరువాత తెలిసింది. నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, స్కోరు పుస్తకంలో 93 పక్కన ఖాళీగా ఉన్న గడిలో ఆ పేరు వాడిచేతే రాయించారు. ఆ మైనర్ లీగు జట్టు ఆటల పట్టిక ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది.