సొంత యాసకు టేప్ రికార్డర్ పట్టిన మాస్టారు

పదో తరగతి పిల్లలకు త్రికోణమితి చెప్పేటప్పుడు, వాళ్ల కళ్లు మూతలు పడుతున్నాయనిపిస్తే జయప్రకాశ్ రెడ్డి పేరు తీస్తాను. ‘సమరసింహారెడ్డి’ విలన్ కూడా ఒకప్పుడు ఇవే లెక్కలు చెప్పాడురా అంటే ఒక్కడూ నమ్మడు. ఆ మీసాలు, ఆ గొంతు చూసినవాళ్లకు చేతిలో సుద్దముక్క ఊహకందదు మరి. ఆయన గుంటూరులో లెక్కల మాస్టారుగా పనిచేశారు. నేనూ అదే ఊళ్లో అదే పని చేస్తున్నాను. పైగా ఏడాదికి రెండు మూడు నాటక పరిషత్తుల పోటీల్లో రంగు వేసుకుంటాను కాబట్టి, ఆయన మీద నాకు దూరపు చుట్టరికం లాంటి హక్కు ఉందనుకుంటాను.

ఆయన 1946లో కర్నూలు జిల్లా శిరివెళ్ల ప్రాంతంలో పుట్టారు. తండ్రి పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్, ఆయనకూ నాటకాల పిచ్చే. తండ్రీకొడుకులు కలిసి వేదిక ఎక్కిన సందర్భాలున్నాయి. తండ్రి ఉద్యోగం పుణ్యమా అని చదువు నెల్లూరులో కొంత, అనంతపురంలో కొంత సాగింది. ఆ తర్వాత గుంటూరే ఆయన ఊరైపోయింది. పగలు బడి, సాయంత్రం రిహార్సల్స్. మర్నాడు మొదటి పీరియడుకు గొంతు బొంగురు. ఆ బొంగురు సంగతి ఎవరూ రాయలేదు, నా అనుభవం మీద చెబుతున్నాను.

నల్లగొండలో ‘గప్‌చుప్’ నాటకం ఆడినప్పుడు దాసరి నారాయణరావు చూశారు. ఆయన చెబితే రామానాయుడు అవకాశమిచ్చారు. 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో తెర మీదికి వచ్చారు. అక్కడితో దశ తిరిగిపోయిందనుకుంటే పొరపాటే. కొన్నేళ్లు చిన్నా చితకా వేషాలు వేసి, వాటితో ఇల్లు గడవక మళ్లీ గుంటూరుకు, పాఠాలకు వచ్చేశారు. సినిమాకు వెళ్లినవాడు స్టాఫ్ రూముకు తిరిగొస్తే తోటి మాస్టార్లు ఎన్ని రకాలుగా పలకరిస్తారో నాకు బాగా తెలుసు. నలభై దాటాక దాన్ని తట్టుకుని పాఠం చెప్పడం విలన్ వేషం కన్నా కష్టం.

1997లో ‘ప్రేమించుకుందాం రా’ వచ్చింది. సీమ ఫ్యాక్షన్ నాయకుడి పాత్ర. పుట్టింది సీమలోనే కదా, నోటికొచ్చినట్టు మాట్లాడేస్తే సరిపోయేది. ఆయన అలా చేయలేదు. టేప్ రికార్డర్ పట్టుకుని రాయలసీమకు వెళ్లి, అక్కడి జనం మాటల్ని రికార్డు చేసుకుని, మళ్లీ మళ్లీ విని నేర్చుకున్నారు. సొంత మాటను పరాయివాడిలా కూర్చుని నేర్చుకోవడం నాకు వింతగా అనిపించేది, నా దాకా వచ్చేవరకూ.

నేను పుట్టింది ప్రొద్దుటూరులో. ఆరో ఏట గుంటూరు వచ్చేశాం. నిరుడు ఒక నాటికలో సీమ పెద్దమనిషి వేషం ఇస్తే, ‘నా భాషే కదా’ అని ఒప్పేసుకున్నాను. తీరా చూస్తే నా నాలుక మీద సీమ మిగిలి లేదు. ‘ఏమిరా’ అన్నా గుంటూరు ‘ఏరా’కు ముసుగు వేసినట్టే ఉంది. ప్రొద్దుటూరులో పిన్ని దగ్గరకు వెళ్లి, వంటింట్లో ఆమె ఎదుట ఫోను పెట్టి, ‘మాట్లాడు పిన్నీ, రికార్డు చేసుకుంటాను’ అన్నాను. అప్పటిదాకా వేరుసెనగ పచ్చడి రుబ్బుతూ గలగలమన్న మనిషి, కొంగు సవరించుకుని, రేడియో వార్తలు చదువుతున్నట్టు ‘మా కుటుంబంలో అందరూ క్షేమంగా ఉన్నారు’ అంది. మర్నాడు ఫోనును దినపత్రిక కింద దాచాను. నలభై నిమిషాలు దొరికాయి. ముప్పై నిమిషాలు కోడలి మీద ఫిర్యాదులే గానీ, మాట చివరి అక్షరాన్ని కాస్త సాగదీసి అక్కడే బరువు దించే పద్ధతి మొత్తం అందులో ఉంది. జయప్రకాశ్ రెడ్డి గొంతులో బెదిరింపు పుట్టేది సరిగ్గా అక్కడే. ఆయన అరిచిన చోట్ల కన్నా, గొంతు తగ్గించి ఆ సాగదీతలో ఎదుటివాణ్ణి కాసేపు నిలబెట్టిన చోట్లే నాకు ఎక్కువ భయం వేసేది.

‘సమరసింహారెడ్డి’, ‘నరసింహనాయుడు’, ‘జయం మనదేరా’ ఆ తర్వాత వరసగా వచ్చాయి. ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. ఆ సినిమాల పుణ్యమా అని సీమ మాటంటే బాంబుల మాట అయిపోయింది. గుంటూరులో మా పిన్ని నోరు విప్పితే పిల్లలు నవ్వేవాళ్లు. అందులో తప్పు కథలదే, ఆయనకు అంటగట్టలేను. ‘ఢీ’ లాంటి సినిమాల కాలానికి అదే యాసతో ఆయన జనాన్ని నవ్వించారు కూడా. భయపెట్టిన గొంతుతోనే నవ్వించాలంటే మాట మీద ఎంత పట్టు ఉండాలి!

ఇంత పేరొచ్చాక కూడా నాటకాన్ని వదల్లేదు. పూసల వెంకటేశ్వరరావు రాసిన ‘అలెగ్జాండర్’లో వేదిక మీద ఆయన ఒక్కరే. రిటైరైన సైనికాధికారి, ఎదురుగా ఫోను, అవతల కష్టాల్లో ఉన్న మనుషులు. అవతలివాళ్ల మాట మనకు వినిపించదు, ఆయన ముఖంలో కనిపించాలి. తోడు నటుడు లేకపోతే డైలాగు మరిచిపోయినప్పుడు అందించేవాడూ ఉండడు. నాటికలో పది నిమిషాలు ఒంటరిగా నిలబడ్డా నాకు కాళ్లు వణుకుతాయి.

2020లో కరోనాతో షూటింగులు ఆగిపోయి గుంటూరులోనే ఉన్నారు. సెప్టెంబరు 8న గుండెపోటుతో ఇక్కడే పోయారు. డెబ్బై నాలుగేళ్లు. కరోనా రోజులు కావడంతో చూడ్డానికి కూడా వెళ్లలేకపోయాను.

నా నాటిక సంగతి. రెండో డైలాగుకే నాలుక గుంటూరు బస్సెక్కేసింది. న్యాయనిర్ణేత ‘యాస కుదరలేదు’ అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. వీడియో చూసిన పిన్ని ఇంకా నయం, ‘గొంతు ఎవరి దగ్గరో అప్పు తెచ్చుకున్నట్టుంది నాయనా’ అని ఊరుకుంది. సంక్రాంతికి మళ్లీ ప్రొద్దుటూరు వెళ్తున్నాను. పాత దినపత్రికలు ఒక కట్ట సంచిలో పెట్టుకున్నాను.