ఫోన్ తలకిందులు చేస్తే కొండలు లేచాయి: నా నెట్ జాగ్రఫీ ప్రిపరేషన్

నెట్ (లెక్చరర్ ఉద్యోగాలకు యూజీసీ పెట్టే అర్హత పరీక్ష) జాగ్రఫీ నాకు రెండోసారికి వచ్చింది. మొదటిసారి దెబ్బతిన్నది రిమోట్ సెన్సింగ్ దగ్గర, అంటే ఉపగ్రహాలు, విమానాలు తీసిన ఫొటోలు చదవడం దగ్గర. అందుకే ఆ ఒక్క ముక్క గురించే రాస్తున్నా.

మహబూబ్‌నగర్‌లో రూమ్, పొద్దంతా లైబ్రరీ. ఫొటోలో దేన్ని బట్టి ఏది గుర్తుపట్టాలో టోన్, టెక్స్చర్, ఆకారం, నీడ అంటూ బట్టీ పట్టేవాణ్ణి. ఒకరోజు నల్లమల శాటిలైట్ ఫొటో తెరిస్తే కొండలు గుంటల్లా, లోయలు గట్లలా కనబడ్డాయి. పక్కనున్న అన్న నా ఫోన్ తీసుకుని తలకిందులు చేసి "ఇప్పుడు చూడు" అన్నాడు. కొండలన్నీ లేచి నిలబడ్డాయి! ఇలాంటి ఉపగ్రహాలు చాలావరకు పొద్దున పదిన్నర ప్రాంతంలో ఫొటో తీస్తాయి. ఎండ ఆగ్నేయం నుంచి పడుతుంది, నీడ వాయవ్యానికి పోతుంది. ఫొటోలో ఉత్తరం పైన ఉంటుంది కాబట్టి వెలుతురు కిందివైపు నుంచి వచ్చినట్టు. మన కన్నేమో వెలుతురు పైనుంచే వస్తుందనుకుంటుంది, అందుకే ఉల్టా.

ఇది తెలియకపోతే కొండచరియ జారిన మచ్చను కూడా ఉల్టా చదువుతాం. పైన గుర్రపు నాడాలా తెగిన అంచు, కింద ముద్దగా పరుచుకున్న మట్టి, ఎర్రటి అడవి మధ్యలో తెల్లటి చార. ఎఫ్‌సీసీలో (ఫాల్స్ కలర్ కాంపోజిట్, అసలు రంగులు కాకుండా మార్చి చూపే చిత్రం) చెట్లు ఎర్రగానే ఉంటాయి, కంగారుపడకండి. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డ చోటు చిత్రాలను ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ విడుదల చేసింది. అక్కడ అంతకుముందే జారిన గుర్తు ఉంది. నేను వెతకడం నేర్చుకున్నది ఆ పాత గుర్తునే.

వరదలకూ అంతే. మా మామది అలంపూర్ వైపు. 2009 అక్టోబర్‌లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయంటే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. నది పక్క పొలాల్లో నెలవంకలాంటి గీత, ఎండాకాలంలోనూ తడితో ముదురుగా ఉండే పట్టీ కనబడితే అది పాత పాయ కావచ్చు. 2008లో నేపాల్‌లోని కుసహా దగ్గర గట్టు తెగినప్పుడు కోసీ నది వదిలేసిన పాత దారుల్లోకే పోయింది. ఆన్సర్లలో ఈ ఉదాహరణ నాకు బాగా పనికొచ్చింది.

వరదప్పుడు మబ్బులుంటాయి కాబట్టి మబ్బుల్లోంచి కూడా చూసే రాడార్ చిత్రాలు కావాలి. వాటిలో నిలిచిన నీరు నల్లగా ఉంటుంది. నున్నటి రన్‌వే కూడా నల్లగానే ఉంటుంది, మాక్ టెస్టులో నేను దాన్ని చెరువు చేశా. సిక్కింలోని సౌత్ లొనాక్ సరస్సు 2023 సెప్టెంబర్ 28న 167.4 హెక్టార్లు, అక్టోబర్ 4న 60.3 హెక్టార్లు. మధ్యలో సరస్సు తెగిపోయిందని ఆ రెండు అంకెలే చెబుతాయి.

ఏరియల్ ఫొటోల్లో ముందువెనుకల 60 శాతం ఓవర్‌ల్యాప్, పక్కల 30 శాతం. ఇది బట్టీయే, వేరే దారి లేదు. కాలేజీ ల్యాబ్‌లో అలా కలిసిన రెండు ఫొటోలను ఎత్తుపల్లాలతో చూపే స్టీరియోస్కోప్ ఉంటే మాత్రం ఒక్కసారి కన్ను పెట్టండి.

ప్రాక్టీసుకు ఇస్రో మ్యాప్‌ల వెబ్‌సైట్ భువన్ చాలు. ఆ డేటాలో చాలావరకు ఉపగ్రహాల నుంచి దిగేది మన షాద్‌నగర్‌లోనే. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాలకు వెనక్కి జరపొచ్చు కూడా. నేను మా ఊరి చెరువుతో మొదలుపెట్టా. వెనక్కి జరుపుతుంటే శిఖం భూమిలో (చెరువు నిండితే మునిగే భూమి) ఒక మూల వానాకాలం తర్వాత తీసిన ప్రతి ఫొటోలో ముదురుగా ఉంది. సరిగ్గా అక్కడే చిన్నాయన ప్లాటు. తీసుకెళ్లి చూపించా. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రిజిస్ట్రేషన్ అయిపాయె గదరా" అన్నాడు.