యూఏఆర్‌టీ ఉన్న బ్లాకును పేజీలుగా విడగొట్టిన వారం

రాస్ప్‌బెర్రీ పై 4 కోసం రాసుకుంటున్న నా కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఈ వారమంతా ఒక్క పేజీ టేబుల్ (ఏ మెమరీ అడ్రస్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే పట్టిక) ఎంట్రీతోనే సరిపోయింది.

బూట్ అయ్యేటప్పుడు పెరిఫెరల్స్ (మెమరీ అడ్రస్‌ల ద్వారా నడిపే హార్డ్‌వేర్ భాగాలు) అన్నింటినీ 2 ఎంబీ బ్లాకులుగా మ్యాప్ చేసి వదిలేశాను. హెక్స్‌లో ఎఫ్‌ఈ200000 దగ్గర మొదలయ్యే బ్లాకులో జీపీఐఓ (బోర్డు పిన్నులు), యూఏఆర్‌టీ (సీరియల్ పోర్టు), ఎస్‌డీ కార్డు కంట్రోలర్ కలిసే ఉన్నాయి. కార్డు డ్రైవర్ ఇంకా రాయలేదు. ఏ పాయింటరో దారి తప్పి ఆ రిజిస్టర్లలో రాస్తే ఎలా అని టెన్షన్. అందుకే బ్లాకును 512 పేజీలుగా, ఒక్కోటి 4 కేబీ చొప్పున విడగొట్టి, వాడేవే ఉంచుదామనుకున్నాను.

మొదట కొత్త టేబుల్ తయారుచేసి పాత ఎంట్రీ మీదే రాసేశాను. బోర్డును అనుకరించే సాఫ్ట్‌వేర్ క్యూఈఎంయూలో బాగానే నడిచింది. బోర్డు మీద మాత్రం ఒకసారి నడిస్తే ఇంకోసారి బిగుసుకుపోయేది. బ్లాకును టేబుల్‌గా మార్చేటప్పుడు పాత ఎంట్రీని చెల్లకుండా చేసి, టీఎల్‌బీలోంచి (ప్రాసెసర్ చూసిన ఎంట్రీలను దాచుకునే చోటు) తుడిచాకే కొత్తది పెట్టాలన్నది ఆర్మ్ నియమం. బ్రేక్ బిఫోర్ మేక్ అంటారు. లేదంటే టీఎల్‌బీలో పాతదీ కొత్తదీ రెండూ ఉండిపోవచ్చు.

అలాగే మార్చాను. ఈసారి ప్రతిసారీ బిగుసుకుపోయింది, సీరియల్‌లో ఒక్క అక్షరం రాలేదు. క్యూఈఎంయూలో డీబగ్గర్ జీడీబీ తగిలించి చూస్తే, ఫాల్ట్ తెచ్చిన అడ్రస్ ఉండే ఎఫ్‌ఏఆర్ రిజిస్టర్‌లో ఎఫ్‌ఈ201018 ఉంది. అది యూఏఆర్‌టీ ఫ్లాగ్ రిజిస్టర్. పాత ఎంట్రీ తీసేశాక, కొత్తది పెట్టేలోపు, డీబగ్ కోసం ఒక ప్రింట్ పెట్టుకున్నాను. ప్రింట్ ఫాల్ట్ అయింది. ఆ ఫాల్ట్ సంగతి చెప్పడానికి హ్యాండ్లర్ కూడా ప్రింటే చేస్తుంది. ఇక అక్కడే తిరుగుతోంది.

ఇప్పటి వరుస ఇది. మిగతా మూడు కోర్లకు ఐపీఐ (ఒక కోర్ ఇంకో కోర్‌కు పంపే ఇంటరప్ట్) పంపి, ర్యామ్‌లోని ఒక ఫ్లాగ్ చూస్తూ ఆగేలా చేస్తాను. ఈ కోర్‌లో ఇంటరప్ట్‌లు మూసి, యూఏఆర్‌టీ బిజీ బిట్ దిగేదాకా ఆగుతాను. ఎంట్రీలో సున్నా, డీఎస్‌బీ (ముందు పనులు పూర్తయ్యేదాకా ఆపే ఇన్‌స్ట్రక్షన్), టీఎల్‌బీఐ (టీఎల్‌బీని తుడిచేది), మళ్లీ డీఎస్‌బీ, ఆ తర్వాతే కొత్త ఎంట్రీ, చివర డీఎస్‌బీ, ఐఎస్‌బీ (తర్వాతి ఇన్‌స్ట్రక్షన్లను కొత్తగా తెచ్చుకునేలా చేసేది). మధ్యలో ఏ లాగ్ అయినా ర్యామ్ బఫర్‌లోకే.

అయినా ఒక తప్పు మిగిలింది. తీసేసిన కార్డు కంట్రోలర్ పేజీని కావాలని చదివి చూశాను. ఫాల్ట్ రావాల్సింది పోయి విలువ వచ్చింది! టీఎల్‌బీఐకి అడ్రస్‌ను 12 బిట్లు కుడికి జరిపి ఇవ్వాలి, నేను జరపకుండానే ఇచ్చేశాను. దాంతో పాత ఎంట్రీ టీఎల్‌బీలోనే ఉండిపోయింది. ఉంచిన పేజీలనే పరీక్షించి ఉంటే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు, ఎందుకంటే వాటి ఫిజికల్ అడ్రస్‌లు మారలేదు.

కొత్త పేజీ ఎంట్రీలన్నింటిలో 53, 54 బిట్లు (ఈ పేజీలోంచి ఇన్‌స్ట్రక్షన్లు నడపొద్దని చెప్పేవి) కూడా పెట్టాను. అవి లేకపోతే ప్రాసెసర్ ముందుచూపుతో డివైస్ మెమరీ నుంచి ఇన్‌స్ట్రక్షన్లు తెచ్చుకోబోవచ్చు. యూఏఆర్‌టీ డేటా రిజిస్టర్‌ను ఊరికే చదివినా వచ్చిన అక్షరాలు వరుసగా ఆగే ఫిఫోలోంచి ఒక అక్షరం పోతుంది.

ఇప్పుడు బోర్డు మీద ఆ పేజీని ముట్టుకుంటే లెవెల్ 3 ట్రాన్స్‌లేషన్ ఫాల్ట్ అని స్పష్టంగా ప్రింట్ అవుతోంది. తర్వాతి పని జీఐసీ (ఇంటరప్ట్ కంట్రోలర్) ఉన్న బ్లాకు. కోర్లను ఆపే ఐపీఐ వెళ్లేదే దాని మీదుగా కాబట్టి, మూడు కోర్లూ ర్యామ్‌లో ‘ఆగాను’ అని రాసేదాకా ఆ ఎంట్రీ జోలికి వెళ్లను.