పుట్టిన ఊరు, చూసిన ఊరు: రిలేటివ్ క్లాజులో అసలు చిక్కు

'నేను పుట్టిన ఊరు', 'నేను చూసిన ఊరు'. తెలుగులో ఈ రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. క్రియ ఒక్కటే మారింది. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి మొదటిది 'ద టౌన్ వేర్ ఐ వాజ్ బోర్న్', రెండోది 'ద టౌన్ దట్ ఐ సా'. టౌన్ తర్వాత వచ్చి అది ఏ ఊరో చెప్పే ఈ ముక్కే రిలేటివ్ క్లాజు. ఒకచోట వేర్ ఎందుకొచ్చింది, ఇంకోచోట దట్ ఎందుకొచ్చింది? ఊరంటే స్థలం, స్థలానికి వేర్ వాడాలి అని నేర్చుకున్న విద్యార్థి 'ద టౌన్ వేర్ ఐ విజిటెడ్' అని రాస్తాడు. పాపం, చెప్పిన రూలు ప్రకారమే రాశాడు. ఇంగ్లీషు పాఠం చెప్పే మనమే రూలు సగం చెప్పాం.

మనుషులకు హూ, వస్తువులకు విచ్, స్థలానికి వేర్, కాలానికి వెన్ అనే పట్టిక దాదాపు ప్రతి నోట్సులోనూ ఉంటుంది. హూ, విచ్‌ల మధ్య తేడా వరకు అది పనికొస్తుంది. వేర్, వెన్ దగ్గరికి వచ్చేసరికి దారి తప్పిస్తుంది. ముందున్న నామవాచకం ఏమిటన్నది కాదు, క్లాజు లోపల అది ఏ పని చేస్తోందన్నది చూడాలి.

ఆ పని కనిపెట్టే పనిముట్టు మన భాషలోనే ఉంది. 'పుట్టిన', 'చూసిన' లాంటి ధాతుజ విశేషణాన్ని విప్పి మామూలు వాక్యం చేయించండి. నేను ఊళ్లో పుట్టాను. నేను ఊరిని చూశాను. దాక్కున్న విభక్తి బయటపడింది: ఒకదాంట్లో 'లో', ఇంకోదాంట్లో 'ని'. 'లో' ఉన్నచోట వేర్, లేదా ఇన్ విచ్. 'ని' ఉన్నచోట విచ్, లేదా దట్.

తెలుగు ఈ విభక్తుల్ని ఎంత సుళువుగా మింగేస్తుందో చూడండి. పెన్నుతో రాశాను, కానీ 'రాసిన పెన్ను'. కుర్చీలో కూర్చున్నాను, కానీ 'కూర్చున్న కుర్చీ'. ఆయనతో మాట్లాడాను, కానీ 'నేను మాట్లాడిన మనిషి'. విన్నవాళ్లు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. ఇంగ్లీషు ఆ వెసులుబాటు ఇవ్వదు, ప్రిపొజిషన్ ఎక్కడో ఒకచోట తేలాల్సిందే: 'ద పెన్ ఐ రోట్ విత్', 'ద చెయిర్ ఐ శాట్ ఆన్', 'ద మ్యాన్ ఐ స్పోక్ టు'. మనవాళ్లు రాసే 'ద చెయిర్ విచ్ ఐ శాట్' తెలుగు అలవాటులోంచి నేరుగా వచ్చిన తప్పు.

విప్పాక ఇంకో మెట్టుంది, దాన్ని వదిలేస్తే మళ్లీ బోల్తా పడతాం. తెలుగు విభక్తికి ఇంగ్లీషు ప్రిపొజిషన్ అన్నిసార్లూ జత కుదరదు. 'వింటున్న పాట' విప్పితే 'పాట వింటున్నాను', విభక్తే కనపడదు. ఇంగ్లీషులో మాత్రం 'లిజన్ టు', కాబట్టి 'ద సాంగ్ ఐ యామ్ లిజనింగ్ టు'. 'మేం చర్చించిన విషయం' తిరగేసి ఉంటుంది: విషయం గురించి చర్చించాం అంటాం, ఇంగ్లీషులో డిస్కస్ తర్వాత అబౌట్ రాదు, 'ద టాపిక్ వి డిస్కస్డ్' అంతే. అందుకే వరుస ఇలా ఉండాలి: ముందు తెలుగు వాక్యం విప్పాలి, తర్వాత దాన్ని ఇంగ్లీషు మామూలు వాక్యంగా రాయాలి, ఆ తర్వాతే క్లాజు కట్టాలి. మధ్య మెట్టు దాటేసి తెలుగు విశేషణం నుంచి ఇంగ్లీషు క్లాజులోకి దూకితే ప్రిపొజిషన్ నీళ్లలో పడిపోతుంది.

ప్రిపొజిషన్‌ని చివర ఉంచొచ్చు, ముందుకూ తేవొచ్చు. ముందుకు తెస్తే హూమ్, విచ్ వాడాలి. 'ఆన్ దట్ ఐ శాట్' కుదరదు, హూ కూడా అక్కడ నప్పదు. చివర ఉంచితే దట్ సరే, ఏమీ లేకపోయినా సరే. మాటల్లో చివర ఉంచడమే సహజం. వాక్యం ప్రిపొజిషన్‌తో ముగియకూడదని పిల్లలకు చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ మాట పట్టించుకోనక్కర్లేదు.

ఇక హూ అంటే 'ఎవరు' అని చెప్పడం. 'నిన్న వచ్చిన అబ్బాయి' అన్నదాంట్లో 'ఎవరు' ఎక్కడుంది? హూ చేసే పనిని అక్కడ 'వచ్చిన'లోని 'ఇన' చేస్తోంది. ప్రశ్నలో వచ్చే హూ వేరు, అతుకులా వచ్చే హూ వేరు. 'ఎవరైతే నిన్న వచ్చారో ఆ అబ్బాయి' అని అనువాదం చేయిస్తే తెలుగూ చెడుతుంది, ఇంగ్లీషూ చెడుతుంది. 'ఎవరు కష్టపడతారో వాళ్లు గెలుస్తారు' అన్న అచ్చులోంచే 'హూ వర్క్స్ హార్డ్, దే విల్ విన్' పుడుతుంది. ఇంగ్లీషుకు ముందు ఒక నామం, కనీసం 'దోజ్' లాంటిదైనా కావాలి: 'దోజ్ హూ వర్క్ హార్డ్ విల్ విన్'. వాట్ మాత్రం వేరు, అది నామాన్ని తనలోనే కలుపుకుంటుంది. 'నువ్వు చెప్పింది'లో చివరి 'ది' ఎలాగో 'వాట్ యూ సెడ్'లో వాట్ అలాగ. 'ఆల్ వాట్ ఐ నో' తప్పవడానికి కారణం ఇదే, ఆల్ ముందే ఉంది కాబట్టి దాని తర్వాత దట్ రావాలి.

కర్తా కర్మా తేల్చడానికి పులి ఉదాహరణకు మించింది లేదు. 'పులిని చంపిన మనిషి', 'పులి చంపిన మనిషి'. ఒక్క 'ని' తేడాతో ఒకడు బతికాడు, ఒకడు పోయాడు. ఇంగ్లీషులో ఆ 'ని' పనిని మాటల వరుస చేస్తుంది: 'ద మ్యాన్ హూ కిల్డ్ ద టైగర్', 'ద మ్యాన్ హూ ద టైగర్ కిల్డ్'. హూ తర్వాత వెంటనే క్రియ వస్తే హూ కర్త, ఇంకో నామం వస్తే హూ కర్మ. రెండోచోట రాతలో హూమ్ అనొచ్చు, మాటల్లో హూ అంటేనే ఎక్కువమందికి చెవికి ఇంపు. దాన్ని తీసెయ్యాలన్నా ఇదే పరీక్ష: తర్వాత నామం ఉంటే తీసెయ్యొచ్చు, 'ద మ్యాన్ ద టైగర్ కిల్డ్'. క్రియ ఉంటే తీయకూడదు. 'ద మ్యాన్ కేమ్ ఎస్టర్‌డే ఈజ్ మై ఫ్రెండ్' అన్నది ఈ పరీక్ష చేయకపోవడం వల్ల వచ్చే తప్పు.

రెండు వాక్యాలు కలపమనే అభ్యాసం మంచిదే, చేయించే తీరు సరిగ్గా లేకపోతే కొత్త జబ్బు అంటిస్తుంది. 'దిస్ ఈజ్ ద బుక్. ఐ బాట్ ఇట్ ఎస్టర్‌డే.' మధ్యలో విచ్ పెట్టు అంటే పెడతారు: 'దిస్ ఈజ్ ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్ ఎస్టర్‌డే'. ఈ అదనపు ఇట్ తెలుగు నుంచి రాలేదు, 'నేను దాన్ని కొన్న పుస్తకం' అని మనం అనం. జిగురు పూసి అతికించడం నుంచి వచ్చింది. విచ్ బయటినుంచి తెచ్చిన జిగురు కాదు, ఆ ఇట్టే వేషం మార్చుకుని ముందుకొచ్చింది. అందుకని ముందు ఇట్ చుట్టూ సున్నా చుట్టించండి, దాన్ని కొట్టేసి అక్కడ ఖాళీ గీత పెట్టించండి, అప్పుడు క్లాజు మొదట్లో విచ్ రాయించండి. ఖాళీ గీత కొన్నాళ్లు నోట్సులో అలాగే ఉండనివ్వాలి.

మొదటి వారం క్లాజు వాక్యం చివర వచ్చేవే ఇవ్వండి: 'ఐ నో ద బాయ్ హూ కేమ్ ఎస్టర్‌డే'. మధ్యలోకి తెస్తే ప్రధాన క్రియ దగ్గరికొచ్చేసరికి కర్త ఎవరో మర్చిపోతారు, 'ద బాయ్ హూ కేమ్ ఎస్టర్‌డే హి ఈజ్ మై ఫ్రెండ్' అంటారు. క్లాజు మీద చెయ్యి అడ్డం పెట్టి మిగిలింది చదవమనండి. 'ద బాయ్ హి ఈజ్' అని వినపడగానే తామే దిద్దుకుంటారు. ఏ రకం క్లాజు ముందు, ఏది తర్వాత నేర్పాలన్న వరుసకు కూడా ఆధారం ఉంది. 1977లో భాషాశాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ అనేక భాషలు పోల్చి ఒక మెట్ల వరుస చూపించారు: నామం లోపల కర్తగా పనిచేసే క్లాజు అన్నిటికన్నా అందుబాటులో ఉండేది, తర్వాత కర్మ, ఆ తర్వాత ప్రిపొజిషన్ వెనకుండేవి, వాటి తర్వాత 'ఎవరి', 'దేని' అన్న సంబంధం చెప్పే హూజ్ రకం. పాఠం ఆ మెట్ల మీదుగా వెళ్తే సుఖం.

పేపర్లు దిద్దేటప్పుడు ఒక మోసం ఉంది. 1974లో భాషాశాస్త్రవేత్త జాక్వెలిన్ షాక్టర్ గమనించింది ఇదే: చైనీస్, జపనీస్ మాతృభాషగా ఉన్నవాళ్ల ఇంగ్లీషులో రిలేటివ్ క్లాజు తప్పులు పర్షియన్, అరబిక్ వాళ్లకంటే తక్కువ. కారణం బాగా వచ్చని కాదు, అసలు ఆ క్లాజులు వాడటమే తక్కువ. చైనీస్, జపనీస్‌లో కూడా మన తెలుగులాగే విశేషణ భాగం నామానికి ముందొస్తుంది. కాబట్టి తప్పులు లేని వ్యాసం చూసి మురిసిపోకుండా, మొత్తం ఎన్ని క్లాజులు రాశారో లెక్కపెట్టండి.

క్రియ దగ్గర రెండు చిన్న గోతులు. వచ్చిన అబ్బాయి, వచ్చిన అమ్మాయి, వచ్చిన వాళ్లు: మన విశేషణం లింగానికీ వచనానికీ మారదు, అందుకే 'ద బాయ్స్ హూ కమ్స్' అని జారిపోతుంది. 'రాని వాళ్లు'కు కాలమే లేదు. నిన్న రానివాళ్లు, రోజూ రానివాళ్లు, రేపు రానివాళ్లు అందరూ అందులోనే. ఇంగ్లీషులో డిడ్ నాట్, డు నాట్, విల్ నాట్‌లలో ఒకటి ఎంచుకోక తప్పదు.

కామా సంగతి. 'విదేశంలో ఉండే మా తమ్ముడు' అంటే తమ్ముడు ఒక్కడేనా, ఇద్దరు ముగ్గురిలో ఒకడా? తెలుగు చెప్పదు. ఇంగ్లీషులో కామాలు పెట్టి 'మై బ్రదర్, హూ లివ్స్ అబ్రాడ్,' అంటే సాధారణంగా ఒక్కడే, పెట్టకపోతే ఎవరో తేల్చి చెబుతున్నట్టు. కామా ఉన్నచోట దట్ రాదు, హూ, విచ్‌లను తీసెయ్యడమూ కుదరదు.

హూజ్ మనుషులకే అనుకునేవాళ్లకు 'కాలు విరిగిన కుర్చీ' ఇవ్వండి. విప్పితే, కుర్చీ కాలు విరిగింది. 'ద చెయిర్ హూజ్ లెగ్ ఈజ్ బ్రోకెన్'. హూజ్ తర్వాత నామం వెంటనే రావాలి, మధ్యలో 'ద' దూరకూడదు. అపోస్ట్రఫీతో రాసే హూజ్ 'హూ ఈజ్' లేదా 'హూ హ్యాజ్'కి కుదించిన రూపం, పలుకు ఒకటే కాబట్టి డిక్టేషన్‌లో తప్పకుండా తికమక వస్తుంది. అనుమానం వచ్చినచోట 'హూ ఈజ్' పెట్టి చదివించండి. 'ద చెయిర్ హూ ఈజ్ లెగ్' అని చదవగానే తరగతి నవ్వుతుంది.